జారు చక్రవర్తి అలాస్కా, మా చుక్కకూర మడి

స్కూలు నుంచి వచ్చిన మా అమ్మాయి బ్యాగును మెట్ల మీద పారేసి, తనను రష్యా జారు చక్రవర్తికి మంత్రిని చేశారనీ, శుక్రవారంలోగా అలాస్కాను అమ్మెయ్యాలనీ చెప్పింది. దానికప్పుడు పదమూడేళ్లు. హిస్టరీ క్లాసులో డిబేట్ అట. సగం మంది అమ్మాలనాలి, సగం మంది వద్దనాలి. దీని వంతుకు అమ్మడం వచ్చింది.

నేను ఆస్పత్రి వార్డులో పొద్దుటి షిఫ్ట్ ముగించుకొని వచ్చి, కాళ్లు పీకుతున్నా నిలబడే ఉల్లిపాయలు తరుగుతున్నాను. కత్తి పక్కన పెట్టాను.

"నేల అమ్మేదేంది? బుద్ధున్నోడు ఎవడన్నా నేల అమ్ముకుంటాడా? మీ టీచర్‌కు వేరే పనే ల్యాదా?"

నాది కడప జిల్లా. మా వైపు ఎవరైనా ఎకరం అమ్మితే ఆ సంగతి వాళ్ల మనవళ్ల పెళ్లిలో కూడా చెప్పుకుంటారు. పైగా నాకు నోరు కాస్త ఎక్కువ. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అమ్మ చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉంది. ఊళ్లు చాలా మారాయి గానీ, నోరు మారలేదు.

అమ్మాయి బెదరలేదు. మా ఇంట్లో నేను తెలుగులో అరుస్తాను, అది ఇంగ్లీషులో జవాబు చెబుతుంది, మా ఆయన రెండు భాషల్లోనూ నోరు మూసుకుంటాడు. అది తన కారణాలు ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. అలాస్కా మరీ దూరం. రాజధానిలో అన్న మాట అక్కడికి చేరడానికే నెలలు పడుతుంది. నీటికుక్కల తోళ్ల కోసం వెళ్లారు, వేటాడి వేటాడి వాటిని దాదాపు లేకుండా చేశారు. ఇంగ్లీషువాళ్లతో చేసిన యుద్ధంతో ఖజానా ఖాళీ అయింది. కాపలాకు సైన్యం లేదు. పక్కనే కెనడాలో ఇంగ్లీషువాళ్లు కూర్చొని ఉన్నారు, రేపు మళ్లీ యుద్ధమొస్తే ఉత్తపుణ్యానికి లాక్కుంటారు. అంతకంటే ముందే, ఆ ఇంగ్లీషువాళ్లంటే గిట్టని అమెరికాకు అమ్మితే డబ్బూ వస్తుంది, స్నేహమూ మిగులుతుంది.

"అమ్మబోతే అడివి, కొనబోతే కొరివి. ఎంతిచ్చినారో నాకు తెల్దు గానీ, ఆయప్ప మోసపోయింటాడు," అన్నాను.

తర్వాత అక్కడ బంగారం దొరికిందని అది ఒప్పుకుంది.

"చూసినావా!" అని మళ్లీ కత్తి అందుకున్నాను.

మా ఆయన అప్పుడే బర్మింగ్‌హామ్ రైలు దిగి వచ్చి, కోటు విప్పుకుంటూ అంతా విన్నాడు. "ఏమ్మే, మనకూ ఒక అలాస్కా ఉండాది కదా," అన్నాడు మెల్లగా.

ఉంది. దాని మాట ఎత్తితేనే నాకు ఒళ్లు మండేది. ఇంగ్లండులో ఈ నార్తాంప్టన్‌కు వచ్చిన కొత్తలో మేం ఆస్పత్రి వెనకాల ఫ్లాట్‌లో అద్దెకుండేవాళ్లం. నాలుగడుగులు వేస్తే కౌన్సిల్ అలాట్‌మెంట్లు. కూరగాయలు పండించుకోమని ఏడాదికింతని అద్దెకిచ్చే మడులవి. అందులో ఒకటి నాకు దొరికింది. ఏటా గోంగూర వేసేదాన్ని. ఏటా అది జానెడు లేచి, ఈ చలికి నన్ను తిట్టుకుంటూ చచ్చిపోయేది. చుక్కకూర మాత్రం పుట్టింటికొచ్చిన ఆడపిల్లలా నిండుగా పెరిగేది. ఆదివారం చర్చి అయ్యాక తెలిసినవాళ్లందరికీ సంచులు నింపి పంచేదాన్ని.

తర్వాత ఊరికి ఆ చివర ఇల్లు కొన్నాం. నాకు కారు నడపడం రాదు, అక్కడి నుంచి మడికి రెండు బస్సులు మారాలి. నా డ్యూటీల రోటా ఒక వారం ఉన్నట్టు ఇంకో వారం ఉండదు. మా ఆయనకు వారమంతా రైళ్లు, శనివారమంతా నిద్ర. చూస్తుండగానే మడిలో నడుం దాకా గడ్డీ ముళ్లకంపా లేచాయి. అలాట్‌మెంట్ కమిటీ సెక్రటరీ మర్యాదగా చెప్పి చూశాడు. ఈసారి మాత్రం, నెలాఖరులోగా బాగుచేయకపోతే మడి తీసుకుని వేరేవాళ్లకిస్తామని తేల్చేశాడు.

ఆ వేరేవాళ్లెవరో నాకు తెలుసు. ఎడమ పక్క మడి ఆయన. పోటీల కోసం పందిపిల్లంత గుమ్మడికాయలు పెంచుతాడు. ఏటా ఎండాకాలంలో ముందు ఆయన తీగ మా గట్టు దాటుతుంది, తర్వాత ఆయన కట్టిన హద్దు తాడు దాటుతుంది. కుడి పక్క మడి డెబ్బై దాటిన జమైకా ఆంటీది. ఆమె కాలలూ అని ముద్దుగా పెంచుకునేది మన తోటకూరే అని తెలిసిన రోజు ఇద్దరం గట్టు మీద కూర్చొని కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వుకున్నాం. ఆమెకు స్థలం చాలడం లేదు. ఆమె తీసుకుంటానంటే పేరు మార్చడానికి సెక్రటరీకి అభ్యంతరం లేదు.

ఆ సాయంత్రం అమ్మాయి చెప్పిన కారణాలన్నీ వచ్చి నా మడి మీద కూర్చున్నాయి. దూరం, చేసేవాళ్లు లేరు, పక్కవాడు కాచుకొని ఉన్నాడు.

"ఆంటీకి ఇచ్చేస్తా. ఆ గుమ్మడికాయలాయనకు పోయేదానికన్నా అదే మేలు," అన్నాను. అన్నాక ఏడుపొచ్చింది. ఉల్లిపాయల మీదికి తోసేశాను.

భోజనాల దగ్గర మనసు ఊరుకోక మా నాయన సంగతి ఎత్తాను. ఆయన బడిపంతులు. మా సీమను పూర్వం దత్తమండలాలనేవారు. నిజాం తన దగ్గర ఉంచుకున్న ఇంగ్లీషు కుంపిణీ సైన్యం ఖర్చు కింద మా జిల్లాలను కుంపిణీకి ఇచ్చేశాడు. ఆ పాఠం వచ్చినప్పుడల్లా నాయన గొంతు మారిపోయేది. "ఇచ్చినోడు బాగుండాడు, తీసుకున్నోడు బాగుండాడు, పన్ను కట్టినోడు మాత్రం మనోడేరా," అని పుస్తకం మూసేసేవాడు.

ఇదంతా విని అమ్మాయి స్పూను కింద పెట్టి, "వాళ్లను అడిగారా?" అంది.

"ఎవుర్ని?"

అక్కడ ఉండేవాళ్లను, మీ తాతల తాతలను, అంది.

"వాళ్లనెవరు అడుగుతారే! గొర్రెను అడిగి మందను అమ్ముతారా?"

అలాస్కాలోనూ అంతేనట. తరతరాలుగా అక్కడే పుట్టి పెరిగిన జనాన్ని ఇటువాళ్లూ అడగలేదు, అటువాళ్లూ అడగలేదట. ఆ మాట చెప్పి, లేచి వెళ్లి తన నోట్సులో ఏదో రాసుకుంది.

శుక్రవారం డిబేట్‌లో దీని పక్షమే గెలిచింది. అమ్మడమే జారుకు తెలివైన పని అని వాదించి గెలిచి, చివర్లో మాత్రం ముందు అక్కడివాళ్లను అడిగి ఉండాల్సిందని తన పక్షానికే ఒక మొట్టికాయ వేసిందట. నాకు చాలా గర్వమనిపించింది. దాని ముందు ఒప్పుకోలేదంతే.

శనివారం మడి అప్పజెప్పడానికి బయల్దేరాం. మా ఆయన నిద్ర మానుకొని కారు తీశాడు. ఎవరూ పిలవకుండానే అమ్మాయి వెనక సీట్లోకి ఎక్కింది. అది మడి వైపు వచ్చి చాలా కాలమైంది. చిన్నప్పుడు బోర్లించిన బకెట్ మీద కూర్చొని, పచ్చి చుక్కకూర నమిలి, పులుపుకు మొహం చిట్లించుకొని, మళ్లీ ఇంకో ఆకు తుంచేది.

ఆంటీ అప్పటికే కుర్చీ వేసుకొని, ఫ్లాస్కులో టీతో మా కోసం చూస్తోంది. గుమ్మడికాయలాయన తన వైపు నుంచి టోపీ ఎత్తి పలకరించాడు. పాపం, మర్యాదస్తుడే. గడ్డిలోకి దిగి చూస్తే అడుగున చుక్కకూర తనంతట తనే మొలిచి ఉంది. ఒక ఆకు తుంచి నోట్లో వేసుకున్నాను. అప్పుడెందుకో అమ్మాయి వైపు తిరిగాను.

"పాపా, నిన్ను కూడా అడగాల కదా. ఇచ్చేద్దామా?"

మాట వరసకు అడిగాను. మంత్రిగారు కదా, సరేనంటుందనుకున్నాను.

"వద్దు," అంది, తెలుగులోనే.

"వద్దంటే? దూరమంటివి, చేసేవాళ్లు ల్యారంటివి. నువ్వే కదా చెప్పింది!"

"అది అలాస్కాకు."

"మరి దీనికేమొచ్చింది?" నా గొంతు అప్పటికే పెరుగుతోంది.

అది గడ్డిపరక తుంచుకుంటూ, నా వైపు చూడకుండా, సగం తెలుగులో సగం ఇంగ్లీషులో చెప్పింది. "నువ్వు ఇంట్లో అరుస్తావు. ఫోన్‌లో అరుస్తావు. ఇక్కడ అరవవు. ఇక్కడ పాటలు పాడుకుంటావు."

నేను పాడతానని నాకు తెలియదు. మా ఆయన వైపు చూశాను. ఆయన కారు తాళాల వైపు చూస్తూ తలూపాడు. ఆంటీకి తెలుగు ముక్క రాదు. అయినా అమ్మాయి మొహం చూసి ఏం అర్థమైందో, తనకు సగం చాలనీ, మిగిలిన సగంలో గడ్డి తీయడానికి తనూ ఓ చెయ్యి వేస్తాననీ అంది. రోటాలో నాకు సెలవు పడిన ఆదివారాలన్నీ తనూ వస్తానని అమ్మాయి మాటిచ్చింది. ఈ వయసు పిల్లల ఆదివారాలు ఎన్నాళ్లుంటాయో నాకు తెలియనిది కాదు.

"సరే," అన్నాను, అరవకుండా.