నోరమ్మ సమాధి కోసం కంటోన్మెంటు నుంచి జనక్‌పురి దాకా

మా అమ్మ కోలారు బంగారు గనుల తెలుగు కూలీల లైను ఇళ్లలో పుట్టింది. పురుడు పోసింది నోరా అనే ఐరిష్ మంత్రసాని. గని పనికొచ్చిన భర్త వెంట అంతదూరం వచ్చిన మనిషి, ఆయన పోయాక ఢిల్లీ కంటోన్మెంటులో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్లిపోయిందట. అప్పటికి అమ్మకు పదేళ్లు. 2006లో మా ఆయనకు ఢిల్లీ కంటోన్మెంటుకు పోస్టింగ్ రాగానే అమ్మ ఫోన్లో ఒక్కటే అడిగింది: "మా నోరమ్మ ఎక్కడుందో కనుక్కోవే. ఒక పువ్వు పెట్టిరా."

నవంబరులో ఒక శనివారం, పొద్దున తొమ్మిదింటికి క్వార్టర్స్ దగ్గరున్న పాత క్రైస్తవ శ్మశానానికి నడిచివెళ్లాను. ముసలి కాపలాదారు రిజిస్టరు తీసి, "భర్త పేరేంటి దీదీ?" అన్నాడు. తెలియదన్నాను. "కష్టం. ఆడవాళ్లను భర్త పేరుతోనే రాశారు." బంగారు గనుల నుంచి వచ్చినావిడ అని చెప్పేసరికి ఆయన ముఖం మారింది. "అచ్ఛా! ఆవిడ కోడలు ఏటా వస్తుంది." నన్ను వెనక వరసలోకి తీసుకెళ్లాడు. రాతి మీద ఫలానా ఆయన భార్య అని తప్ప నోరా అన్న పేరే లేదు. బంతిపూలు పెట్టాను కానీ, అమ్మకు ఏం చెప్పాలో తోచలేదు.

కాపలాదారే కోడలికి ఫోన్ చేసి అడ్రసు రాసిచ్చాడు. జనక్‌పురికి ఆటోలో అరవై రూపాయలు, అరగంట ప్రయాణం. డెబ్బై దాటిన షీలా ఆంటీ టీ ఇచ్చి, ట్రంకు పెట్టెలోంచి ఒక నోటుబుక్కు తీసింది. నోరా పోసిన పురుళ్ల లెక్క. ప్రతి వరసలోనూ తల్లి పేరే, తండ్రుల పేర్లు ఒక్కటీ లేవు. నాలుగో పేజీలో మా అమ్మమ్మ: మునెమ్మ, ఆడపిల్ల, తల్లీబిడ్డా క్షేమం.

"బేటా, చివరి రోజుల్లో అత్తగారు ఒకే మాట అనేది. ఇంట్లో ఎవరికీ, చిన్నప్పుడే హాస్టలుకెళ్లిన మా ఆయనకు కూడా, అర్థం కాలేదు," అంటూ ఆంటీ కూడబలుక్కుని పలికింది. "ఇంకొంచెం... ఓర్చుకో... తల్లీ."

అది తెలుగని, నొప్పులు పడే తల్లులకు చెప్పే మాటని హిందీలో చెప్పాను.

"అప్పుడు నాకు నెలలు నిండాయి," అంది ఆంటీ. "ఆ కడుపుతోనే ఆమెకు సేవ చేశాను. నన్ను తిడుతోందనుకున్నాను, ఇన్నేళ్లూ."

ఆ సాయంత్రం అమ్మకు ఫోన్లో అంతా చెప్పాను. అమ్మ ఏడ్చింది. నేను ఎన్నడూ చూడని మనిషి కోసం నాకూ బెంగగానే ఉంది. ఎంతమంది నోరాలు ఇలా ఎవరి భార్యగానో మట్టిలో ఉన్నారో!

మీరూ ఇలా ఎవరినైనా వెతకబోతే, రిజిస్టరు దగ్గరే ఆగిపోకండి. ఆ సమాధికి పూలు తెచ్చేదెవరో కాపలాదారుని అడగండి.