ఒప్పుకోని ముద్దాయి

పదో తరగతిలో ఆ అమ్మాయిని అందరూ మొండి అనే పిలిచేవారు. ఆమె కూడా ఆ పిలుపుకే పలికేది. వాళ్లమ్మ ఇళ్లల్లో పనిచేసేది.

ఆ ఏడు సాంఘికశాస్త్రం మాస్టారు తరగతిలో ఉత్తుత్తి కోర్టు పెట్టారు. కేసు ఆయనే రాశారు: ఒకింట్లో గొలుసు పోతుంది, పనిమనిషిని పట్టుకుంటారు, చివర్లో ఆమె ఏడ్చి నేరం ఒప్పుకుంటుంది.

"ఆ వేషం నీకైతే అతికినట్టు సరిపోతుందమ్మా," అన్నారు మొండితో. వెనక బెంచీలు కిసుక్కుమన్నాయి.

మొండికి ఒళ్లు మండిపోయింది. ఒకప్పుడు వెండి గిన్నె కనబడలేదని ఓ ఇంటావిడ వాళ్లమ్మ సంచి నలుగురిలో దులిపించింది. గిన్నె అటక మీద దొరికాక ఆవిడ తప్పయిందని కూడా అనలేదు. అమ్మ మర్నాడు మళ్లీ ఆ ఇంటికే పనికి వెళ్లింది. అయినా మొండి వేషానికి సరేనంది.

కోర్టు రోజున హెడ్మాస్టరు ముందు కుర్చీలో కూర్చున్నారు. క్లాసు లీడరు జడ్జి.

"నేరం ఒప్పుకుంటున్నావా?" అని అడిగింది.

"ఒప్పుకోను."

"ఏయ్, రాసింది చెప్పు!" మాస్టారు కిటికీ దగ్గర్నుంచి పళ్లు నూరారు.

"నేను తీయలేదు సార్."

వకీలు వేషం కట్టిన కుర్రాడు తడబడ్డాడు. "నువ్వు కాకపోతే ఇంకెవరు తీస్తారు?"

"ఇంట్లోవాళ్ల సంచులు వెతికారా? నాదొక్కటేనా?"

వాడు కాగితం తిరగేశాడు. లీడరు మాస్టారి వైపు ఒకసారి చూసింది. "చూసినవాళ్లెవరూ లేరు. కేసు కొట్టేస్తున్నాను."

"హెడ్మాస్టరు గారి ముందు నా పరువు తీశావు! క్షమాపణ చెప్పేదాకా క్లాసులోకి రాకు," అన్నారు మాస్టారు తర్వాత.

"ఒక్కమాట అనేస్తే పోయేదేముందే?" అని ఇంట్లో అమ్మ బతిమాలింది.

"తప్పు చేయలేదు కదమ్మా. ఎందుకనాలి?"



మర్నాడు మొండి వరండాలో నిలబడింది. ఎండ మొహాన కొడుతున్నా తల దించలేదు. కాసేపటికి లీడరు పుస్తకాలు సర్దుకుని వచ్చి పక్కన నిలబడింది. "తీర్పు చెప్పింది నేను కదా," అంది. ఆ వెనకే వకీలు కుర్రాడూ వచ్చాడు. లోపల ఇంకో రెండు బెంచీలు కదిలిన చప్పుడు.

మాస్టారు గుమ్మంలోకి వచ్చారు. "లోపలికి తగలడండి."

"క్షమాపణ చెప్పను సార్," అంది మొండి కదలకుండా.

"తెలుసులే. పాఠం వెనకబడిపోతోంది, రా," అన్నారాయన.