మామ తల, ఎవరిదో కోటు

పోయిన వారం నాగ్‌పాడాలో పాత సామాను బండి దగ్గర ప్లాస్టిక్ డబ్బా ఒకటి టక్కున తెరుచుకున్న చప్పుడు విని ఆగాను. ఇద్దరు కుర్రాళ్లు పాత క్యాసెట్లు ఏరుకుంటున్నారు, పాటల కోసం కాదు, అట్టలు చూసి నవ్వుకోవడానికి. వాళ్ల చేతిలోని అట్ట మీద నీలం కోటు తొడుక్కున్న మనిషి గిటారు పట్టుకుని జలపాతం ముందు నిలబడ్డాడు. కోటుకు మించిన తల. చెవి పక్కనుంచి విమానం పోతోంది. ఏ పిచ్చివాడు చేశాడో అని హిందీలో నవ్వాడొకడు. చేసింది నేనే. ఆ తల మా రాజయ్య మామది.

మామ మాకు చుట్టం కాదు. కామాటిపుర చాల్‌లో, వరసగా ఒంటి గదుల కాపురాలున్న పాత మేడలో, మా పక్క ఖోలీ. పాలమూరు నుంచి వచ్చిన తాపీమేస్త్రీ. తెలుగువాళ్ల ఇంట చావు జరిగితే శవం పక్కన కూర్చుని పాడేవాడు. మా నాయన పోయినప్పుడు పాడింది ఆయనే. ఆ తర్వాత నన్ను వెంట తిప్పుకుని పాటకు తాళాలు వేయడం నేర్పాడు. ఒకసారి ఉత్సాహం కొద్దీ గొంతెత్తితే తొడ గట్టిగా గిల్లాడు. బయటికొచ్చాక, "ఇంట్లోళ్ల ఏడుపు కంటె మన పాట పెద్దగ వినపడొద్దురా. మనం కచేరికి రాలే" అన్నాడు. అట్లాంటి మర్యాద నాకు ఇంకెవరూ చెప్పలేదు. వంటబట్టిందనే అనుకున్నాను.

ఎనభైల్లో నేను ఫాక్‌లాండ్ రోడ్‌లో క్యాసెట్ల దుకాణంలో పనిచేసేవాణ్ని. పత్రికల్లోని బొమ్మలు కోసి, అతికించి అట్టలు తయారుచేయడం నా పని. ఆర్టిస్టునని చెప్పుకునేవాణ్ని. మామ పాటలు రికార్డు చేయమని సేఠ్‌ను ఒప్పించిందీ నేనే. అట్టకు ఫొటో కావాలంటే మామ రేకు పెట్టె తెరిచి, బట్టలో చుట్టిన పెళ్లినాటి ఫొటో ఇచ్చాడు. పక్కన అత్త. నేను పుట్టకముందే పోయింది.

"మీ అత్తది గిదొక్కటే ఉన్నది. పైలం."

"నీకంటె పైలంగ చూస్త మామా."

సేఠ్ ఫొటో చూసి పెదవి విరిచాడు. "ధోతీవాలాను ఎవడు కొంటాడు? జరా ఫ్యాషన్ చెయ్యి." స్టూడియోలో నకలు తీయించవచ్చు, కానీ రెండు రోజులు ఆగాలి. నాకు ఆగబుద్ధి కాలేదు. నీలం కోటు బొమ్మ దొరికిన సంబరంలో అసలు ఫొటోనే ముందు పెట్టుకుని మామ తల చుట్టూ కోశాను. మిగిలిన ముక్కను చెత్తబుట్టలో వేశాను. దాచాలన్న ఆలోచనే రాలేదు.

క్యాసెట్ వచ్చిన రోజు చాల్ అంతా వరండాలో చేరింది.

"రాజన్నా, కోటు ఎన్నడు కుట్టించినవ్?"

"ఇగ పీనుగ కాడికి ఇమానంల పోతవా?"

మామ కూడా నవ్వాడు. సున్నం పడి మసకబారిన కళ్లు ఆయనవి. అట్టను ముక్కు దాకా తెచ్చుకుని తిప్పి తిప్పి చూశాడు.

"మంచిగనే ఉన్నది గని, అత్త ఫొటో తెచ్చినవా?"

చెప్పాను. అందరి ముందూ చెప్పాల్సి వచ్చింది. నవ్వులు ఆగిపోయాయి. మామ అట్టను నా చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయాడు.

తిట్టలేదు. మళ్లీ తాళాలకు మాత్రం పిలవలేదు. మరుసటి వానాకాలం దగ్గు పట్టి మంచాన పడ్డాడు. గంజి తీసుకుపోతే నా చెయ్యి పట్టుకున్నాడు.

"కండ్లు మసకైనంక ఫొటోల కూడ దాని మొఖం అవుపడకపాయె. ఆఖరికి చూసినోడివి నువ్వే. చెప్పురా, నవ్వుతుండెనా? బుగులువడ్డట్టు ఉండెనా?"

ఆ ముఖం నా బల్ల మీదే ఉండింది. నా వేళ్ల మధ్యనే ఉండింది. నేను చూడలేదు.

"నవ్వుతుండె మామా."

"అట్లనా? కెమెరను చూసి బుగులువడ్డదనుకుంటుంటి ఇన్నేండ్లు. నవ్విందా. మంచిదాయె."

పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పాడు, పెళ్లి ఫొటోలో ఆమె నవ్విందని. ప్రతిసారీ "అవునారా?" అని నన్ను అడిగేవాడు. అవుననేవాణ్ని. ఆ వానలు వెలవకముందే పోయాడు. చూడని ముఖానికి నవ్వు అతికించినవాణ్ని నేను. ఆమె నిజంగా ఎట్లా ఉండేదో చెప్పగలిగినవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు.