రేకు మడికి సప్లిమెంటరీ

మా మామయ్య పరీక్ష పెట్టకుండా దేన్నీ నమ్మడు. ముప్ఫై ఏళ్లు లెక్కల మాస్టారుగా చేసి దిగిపోయాక, పిల్లలు దొరక్క తలగడలకీ గొడుగులకీ పెట్టాడు. అత్తయ్య కాఫీకి కూడా మార్కులే. నలభై వేసిన మర్నాడు కాఫీ ఆయనే పెట్టుకున్నాడు.

కిందటేడు పెరట్లో మొక్కలకని నేలకి ఎత్తుగా, పెట్టెల్లా నాలుగు మడులు కట్టించాడు: చెక్కది, ఇటుకది, సిమెంటుది, ఇనప రేకుది. ఒకే మట్టి, ఒకే టమాటా నారు, గ్లాసుతో కొలిచి ఒకే నీళ్లు. ఆయన పాసన్న మడినే వీధంతా చేయించుకుంటుంది. మాకు ఆయన మాట మీద అంత గురి.

రేకు మడి చేసిచ్చింది పక్కింటి రేకుల పనాయన. ప్లాస్టిక్ బకెట్లొచ్చాక అతని దుకాణంలో సుత్తి చప్పుడే లేదు. ఇక ఈ మడే ఆధారం. రోజూ గోడ మీంచి తొంగిచూసేవాడు.

"మాస్టారూ, మాదెలా ఉంది?"

"రేకు కాలిపోతోందిరా. అంచున వేళ్లన్నీ మాడాయి. ఫెయిలు."

"ఏమండీ, మనిషి మొహం చూసైనా రెండు మార్కులు వెయ్యకూడదూ!" అంది అత్తయ్య.

"మార్కులేస్తే మొక్క బతుకుతుందటే?"

నాకు ఒళ్లు మండింది. మర్నాడు మధ్యాహ్నం చూద్దును కదా, నిప్పులు చెరిగే ఎండలో మామయ్య ఆ రేకు మడి పక్కనే కూర్చుని, చెయ్యి మోచేతిదాకా మట్టిలో పెట్టి ఉన్నాడు.

"ఏ లోతున ఎంత వేడో చూస్తున్నాను. నువ్వెళ్లి నీడపట్టున కూర్చో."

అలా మూడు వారాలు! మొహం వంకాయ రంగుకి తిరిగింది. అంత పట్టుదల నేనెక్కడా చూడలేదు.

తరవాత రేకుకి లోపలివైపు చెక్కలు వరసగా నిలబెట్టి, కొత్త నారు వేసి, "సప్లిమెంటరీ!" అని ప్రకటించాడు. చెక్క అడ్డుండేసరికి వేడి వేళ్లదాకా పోలేదు. కాయలు గుత్తులు గుత్తులు! ఎనభై రెండు మార్కులు. సాయంత్రానికల్లా రేకుల దుకాణం ముందు జనం.

పనాయన కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. "బళ్లో నన్ను లెక్కల్లో తప్పించింది ఈయనేనండీ. సెలవులన్నీ ఇంటికి పిలిచి, నేర్పి, గట్టెక్కించిందీ ఈయనే."

"ఇంతకీ ఆ చెక్కలెక్కడివి మామయ్యా?" అన్నాను.

ఆయన వినిపించుకోలేదు. అత్తయ్య పడగ్గది తలుపు తీసి చూపించింది. మామయ్య మంచం లేదు. నేల మీద చాప, తలగడ.

"నేల మీద పడుకుంటే నడుముకి మంచిదా కాదా అని పరీక్ష పెట్టాను," అన్నాడు మామయ్య గంభీరంగా.

"ఎన్ని మార్కులొచ్చాయేం?" అంది అత్తయ్య.

నడుం పట్టుకుని మెల్లగా లేస్తూ అన్నాడు: "పేపర్లింకా దిద్దలేదే."