మరాయన దగ్గు, వేసవి కచేరీ

పిండిమర నడిపే ఆయన్ని వీధివీధంతా మరాయన అనే పిలుస్తుంది. పొద్దస్తమానం పిండి మీద పడీపడీ ఆయన కనుబొమలు వయసు కంటే ముందే తెల్లబడ్డాయి. ఆ పిండే గొంతులో కాపురం పెట్టి ఓ దగ్గును కని పెంచింది. ఆయన దగ్గితే పక్కింట్లో పసిబిడ్డ ఉలిక్కిపడి లేచేది.

ఇంత దగ్గున్న మనిషికి వయొలిన్ అంటే పంచప్రాణాలు! మర ఆపగానే రేడియో పెట్టుకుని కళ్లు మూసుకుంటాడు. నిదానంగా సాగే భాగం రాగానే దగ్గు తయారు. అది తగ్గేసరికి ఆ భాగం కాస్తా అయిపోతుంది. తను ఆరాధించే వయొలిన్ విద్వాంసుణ్ణి ఒక్కసారైనా ఎదురుగా కూర్చుని వినాలని మరాయన కోరిక. ఆ ముసలి విద్వాంసుడు ఈ వేసవిలో నగరంలో రెండు సాయంత్రాలు వాయించి, ఆపైన కచేరీలు మానేస్తున్నాడని తెలిసింది. ఇక మరాయనకు కంటిమీద కునుకు లేదు.

ప్రయాణం భారమంతా బావమరిది నెత్తినేసుకున్నాడు. అతను బస్సు కండక్టరు.

“బావా, మనం ఊరు చూడ్డానికి పోవట్లేదు. నీ గొంతును తీసుకెళ్తున్నాం. ప్లానంతా దాని చుట్టూనే,” అన్నాడు.

లాడ్జీలన్నిటికీ ఫోన్ చేసి, గదిలో తివాచీ ఉందా అని అడిగాడు. ఉందనగానే ఫోన్ పెట్టేశాడు. అక్క, అంటే మరాయన భార్య, పూలతోట చూస్తానంటే పుప్పొడి అన్నాడు. మ్యూజియం అంటే దుమ్మన్నాడు. బజారంటే మిరపకాయల ఘాటన్నాడు.

“మరి నన్నెందుకురా తీసుకెళ్లడం?”

“బావకి మంచినీళ్ల సీసా ఎవరు పట్టుకుంటారక్కా?”

ఆమె మూతి ముడుచుకుంది. ముడుచుకోదూ మరి!

బయలుదేరే లోపు ముందుగదిలో రోజూ రిహార్సల్ జరిగింది. కుర్చీలు వరసగా వేసి, ఇరుగుపొరుగును ప్రేక్షకులుగా కూర్చోబెట్టి, రేడియో పెట్టేవాడు బావమరిది.

“చప్పట్లు పడ్డప్పుడే దగ్గాలి. అది స్టాపు. మిగతాదంతా నాన్‌స్టాపు. మధ్యలో దిగుతానంటే కుదరదు బావా.”

స్టాపు కాని చోట దగ్గితే విజిల్ ఊదేవాడు. పోనుపోను మరాయన దగ్గు చప్పట్లకు ఎంత అలవాటు పడిందంటే, వీధిలో ఎవరైనా దుప్పటి దులిపినా టపటపమన్న చప్పుడుకు ఆగి దగ్గి, మళ్లీ నడిచేవాడు.

నగరంలో మొదటి సాయంత్రం హాల్లో ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. మొహం కందగడ్డయింది, కళ్లు పొడుచుకొచ్చాయి. చప్పట్లు పడ్డప్పుడల్లా దగ్గాడు. పడనప్పుడు చచ్చినా దగ్గలేదు. కచేరీ ముగిసి బయటికి రాగానే బావమరిది ఎగిరి గంతేసి కౌగిలించుకున్నాడు.

“ఒక్క దగ్గు కూడా దారి తప్పలేదు బావా!”

“ఎలా వాయించాడండీ?” అంది భార్య.

మరాయన తల అడ్డంగా ఊపాడు.

“ఏమోనే. చప్పట్లెప్పుడు పడతాయా అనే కూర్చున్నాను. ఒక్క ముక్క చెవిన పడితే ఒట్టు,” అన్నాడు. అంత పెద్దమనిషికీ కళ్లనీళ్లు తిరిగాయి.

భార్య చరచరా వచ్చింది. తమ్ముడి మెడలోని విజిల్ లాగి తన సంచిలో పడేసుకుంది.

“రేపు దగ్గొస్తే దగ్గండి.”

“బయటికి గెంటేస్తారే.”

“గెంటేదాకా వినండి.”

మర్నాడు సాయంత్రం మరాయన కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాడు. వయొలిన్ కమాను తీగ మీద ఆనడం కూడా వినిపించింది. నిదానపు భాగం మొదలైంది. తనకు గొంతు ఒకటి ఉందన్న సంగతే మరిచిపోయాడు. గొంతు మాత్రం ఆయన్ని మరిచిపోలేదు. కూడబెట్టుకున్న దగ్గంతా ఒక్కసారిగా బయటపడింది. వేదిక మీద కమాను ఆగిపోయింది. హాలు హాలంతా వెనక్కి తిరిగి చూసింది. తలుపు దగ్గరి కాపలావాడు గబగబా వచ్చాడు. అతను నోరు తెరిచే లోపే మరాయన లేచి, వేదికకేసి చేతులు జోడించి, తలుపు తీసుకుని బయటికి వచ్చేశాడు.

వెనకే పరిగెత్తుకొచ్చిన బావమరిది నెత్తి కొట్టుకున్నాడు.

“అంతా బూడిదలో పోశావు కదా బావా! సగమే విన్నావు!”

“సగం కాదురా,” అన్నాడు మరాయన మొహం తుడుచుకుంటూ. “దగ్గొచ్చేదాకా మొత్తం విన్నాను.”

అని అక్కడే మెట్ల మీద కూర్చుని, తనివితీరా దగ్గాడు.