పెనుకొండ మేళం

నా చిన్నప్పుడు మా ఇంట్లో పెళ్ళి కుదిరిందంటే, లగ్నం పెట్టించిన మర్నాడే మా తాత పెనుకొండకు పోయి మేళం తాతకు తాంబూలం ఇచ్చి వచ్చేవాడు. మేళం తాత అంటే నాదస్వరం వాయించే పెద్దాయన. మా అవ్వ పెళ్ళికి మేళం తాత వాళ్ళ నాయన వాయించాడట, మా నాయన పెళ్ళికి ఈయన వాయించాడు. హిందూపురంలో మాకు బట్టల అంగడి ఉండేది. అంగట్లో మా తాత ఎవరి మాటా వినేవాడు కాదు గానీ, నేను ఏం చెప్పినా నమ్మేవాడు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా చిన్నత్తకు పెళ్ళి కుదిరింది, లగ్నం ఇంకా పెట్టించలేదు. ఆ మధ్యే ఊళ్ళో ఒక పెళ్ళికి బ్యాండుసెట్టు వచ్చింది. ఎర్ర కోట్లు, భుజాల మీద బంగారు రంగు కుచ్చులు, అన్నీ సినిమా పాటలు. అది చూసినప్పటి నుంచి నాకు వేరే ధ్యాస లేదు. చిన్నత్త పెళ్ళికి బ్యాండే రావాలని ఇంట్లో అందరి ప్రాణాలూ తోడేశాను. మా నాయనకూ లోపల బ్యాండు మీదే మనసు. పోనీ రెండూ పెట్టుకుందామంటే, ఒక పందిట్లో రెండు మోతలేమిటని తాత కసిరాడు.

ఆ వారంలోనే ధర్మవరంలో బంధువుల పెళ్ళి వచ్చింది. అక్కడ వాయించేది మేళం తాతే. మోకాళ్ళ నొప్పితో తాత రాలేకపోయాడు, అవ్వా నేనూ పోయాము. ముహూర్తానికి ముందు మేళం తాత ఒక కీర్తన ఎత్తుకున్నాడు. కొంచెంసేపు వాయించి, నడుమనే నాదస్వరం నోటి నుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. పక్కన కూర్చున్న ఆయన కొడుకు మిగిలిందంతా వాయించాడు. ఆయన కళ్ళు మూసుకుని తొడ మీద తాళం వేసుకుంటూ ఉండిపోయాడు.

ఇంటికి రాగానే తాత నన్నే అడిగాడు. అవ్వ వంటల దగ్గరే ఉండిపోయి ఏమీ వినలేదు.

"ఆయప్ప ఎట్ల వాయించినాడు పాపా?"

"నడుమనే ఆపేసినాడు తాతా. ఊపిరి సాల్లేదు. మిగిలింది వాళ్ళ కొడుకే వాయించినాడు."

ఆయన ఆయాసపడటం నేను చూడలేదు. చూసినట్టే చెప్పాను. తాళి కట్టేటప్పుడు గట్టిమేళం తెగితే పిల్లకు మంచిది కాదని తాత భయం. మర్నాడు నాయనను పిలిచి బ్యాండుకే చెప్పమన్నాడు. మేళం తాత మనసు నొచ్చుకోకూడదని, చుట్టంగా వచ్చి దీవించి పొమ్మని పెళ్ళిపత్రిక పంపించాడు.

పెళ్ళి బాగానే జరిగింది. బ్యాండు దంచేసింది. మేళం తాత కూడా వచ్చాడు. చేతిలో నాదస్వరం లేకుండా నేను ఆయనను చూడటం అదే మొదలు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒక పక్కన కూర్చున్నాడు. భోజనాలయ్యాక మా తాత ఆయన దగ్గర చేరి, ఆరోగ్యం ఎలా ఉందని అడిగాడు. చుట్టూ అంగళ్ళవాళ్ళు నలుగురైదుగురు ఆకువక్క వేసుకుంటున్నారు. నేను తాత భుజానికి ఆనుకుని నిలబడి ఉన్నాను.

తనకేమని, బాగానే ఉన్నానని ఆయన అన్నాడు. ధర్మవరంలో ఊపిరి అందలేదని మా పాప చెప్పిందే అన్నాడు తాత.

ఆయన నవ్వబోయాడు. "అది కాదప్పా, ఆ పొద్దు మావాడు తొలిసారి పెండ్లికి వాయించె. పాట సగం వానికే వదిలేసి..." అంటూనే నా వైపు చూశాడు. నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు. ఆయన మాట అక్కడే ఆగిపోయింది. కాసేపటికి మెల్లగా, "పాప సరిగానే చూసిందిలే. వయసైపాయ కదా, ఊపిరి నిలస్తా లేదు," అన్నాడు. నా తల నిమిరి లేచి పోయాడు.

అబద్ధం చెప్పింది నేనేనని ఆ క్షణంలో ఒక్క మాట అంటే సరిపోయేది. మహా అయితే వీపు మీద ఒక దెబ్బ పడేది. అనలేదు. పైగా గండం గడిచిందని సంతోషపడ్డాను. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా సిగ్గుగా ఉంది.

అక్కడ ఆకువక్క వేసుకుంటున్న వాళ్ళలో ఇద్దరి ఇళ్ళల్లో ఆ మాఘంలోనే పెళ్ళిళ్ళు. ఊపిరి నిలవడం లేదని ఆయన నోటి నుంచే విన్నాక ఎవరు పిలుస్తారు? చూస్తూ ఉండగానే మా ఊరి పెళ్ళిళ్ళకు ఆయన రావడం ఆగిపోయింది. కొడుకు నాదస్వరం వదిలేసి బెంగళూరులో మిల్లు పనికి పోయాడని కొన్నేళ్ళకు విన్నాను. కాలం మారింది, నేను అనకపోయినా అదే జరిగి ఉండేదని నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను. ఒక్కసారి కూడా నమ్మలేదు.

మొన్న మా మనవరాలు తన పెళ్ళికి మేళం కుదుర్చుకుంటూ, ఫోన్లో వీడియోలు చూపించి ఎవరు బాగా వాయిస్తున్నారు అవ్వా అని అడిగింది. పోయి ఎదురుగా కూర్చుని వినండి, నడుమ ఆపితే ఎందుకు ఆపారో వాళ్ళనే అడగండి, నన్ను మాత్రం అడగవద్దు అన్నాను. ముసలామెకు చాదస్తమని అందరూ నవ్వారు.

ధర్మవరం పోయే రైలు పెనుకొండలో ఆగుతుంది. చీరలకనీ, చుట్టాల ఇళ్ళకనీ ఆ దారిన ఎన్నిసార్లు పోయి ఉంటానో లెక్కలేదు. మేళం తాత బతికి ఉన్నన్నాళ్ళూ, ఈసారి దిగి పోయి చెప్పేద్దామనే అనుకునేదాన్ని. ఒక్కసారీ దిగలేదు. ఆయన పోయి ముప్పై ఏళ్ళు దాటింది, ఇక చెప్పడానికి అక్కడ ఎవరూ లేరు. అయినా పెనుకొండ వస్తోందంటే నేను కిటికీ దగ్గర నుంచి లేచి అవతలి సీట్లోకి మారి కూర్చుంటాను.