క్యాచ్‌లు పట్టే లింబాద్రి

లింబాద్రికి బ్యాట్ పట్టుకోవడం రాదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. మా కంపెనీ క్రికెట్ టీములో ఏళ్ళ తరబడి ఆడినవాడంటే మీరు ఇంకేదో ఊహించుకుంటారు. అందరూ అవుటయ్యాక ఆఖరున అతను బ్యాట్ ఊపుకుంటూ వెళ్తుంటే నేను పికప్ స్టార్ట్ చేసేవాణ్ణి. ఇంజను వేడెక్కేలోపు తిరిగొచ్చేసేవాడు. ఒకే ఒక్కసారి ఫోర్ కొట్టాడు. ఆ రాత్రి గదిలో అందరికీ మటన్ వండి పెట్టాడు.

నేను ఆ కంపెనీ డ్రైవర్ని. మాది అమలాపురం పక్కన, అతనిది ఆర్మూరు పక్కన. దుబాయిలో, సత్వా పేటలో ఒకే గదిలో ఉండేవాళ్ళం. శుక్రవారం వస్తే టీమునీ, చుట్టిపెట్టిన మ్యాటునీ ఎక్కించుకుని షార్జా దారిలో ఉన్న మైదానానికి తోలుకెళ్ళేవాణ్ణి. మైదానమంటే గడ్డి అనుకునేరు, అంతా ఇసుకే. మధ్యలో సిమెంటు పట్టీ, దాని మీద మ్యాటు పరుచుకుని ఆడేవారు.

లింబాద్రి 1976లో కూలీగా వచ్చాడు. ఊళ్ళో తోటి కూలీలు కింద నుంచి ఇటుకలు విసిరితే పరంజా మీద నిలబడి అందుకునే పని అతనిది. ఇక్కడా అలాంటిదే దొరికింది. లారీ మీద నుంచి విసిరే సిమెంటు ఇటుకలు పట్టి పక్కవాడికి అందించాలి. మా ముదీర్, అంటే మేనేజరు, బొంబాయి మనిషి, క్రికెట్ పిచ్చోడు. ఒకరోజు సైటుకొచ్చి చాలాసేపు చూశాడు. లింబాద్రి చేతుల్లో ఇటుక పడితే చప్పుడు ఉండేది కాదు.

"క్రికెట్ ఆడతావా?" అని హిందీలో అడిగాడు.

"నాకు రాదు సాబ్. ఇటుకలు పట్టుడే వస్తది," అన్నాడు లింబాద్రి. ముదీర్‌ని తోలుకొచ్చిన నేనే దాన్ని హిందీలో చెప్పాను.

అదే చాలన్నాడు ముదీర్. టీములోకి తీసుకుని, ఎండలోంచి తెచ్చి స్టోరులో ఫ్యాను కింద కూర్చోబెట్టాడు. సైటులో "ఏయ్" అంటే పలికే మనిషిని ఇప్పుడు ముదీరే "లింబా" అని పిలిచేవాడు. ఫ్యాను కన్నా ఆ పిలుపే అతనికి ఎక్కువ. టీములో చోటు పోతే మళ్ళీ "ఏయ్" అయిపోతానని భయపడేవాడు. ఆ భయం పైకి చెప్పేవాడు కూడా.

మా టీముకి పెద్ద బౌలర్ హిదాయతుల్లా. పెషావర్ వాడు, ఎలక్ట్రీషియన్ల ఫోర్‌మన్. బంతి తిప్పితే బ్యాట్స్‌మన్ తెల్లమొహం వేయాల్సిందే. నోరు మాత్రం మురిక్కాలవ. క్యాచ్ వదిలితే ముదీర్‌ని కూడా ఏడు తరాలు కలిపి తిట్టేవాడు. లింబాద్రిని బ్యాట్స్‌మన్ ముక్కు కిందే నిలబెట్టేవాడు. ఎప్పుడో ఒకసారి లింబాద్రి కూడా వదిలేవాడు, తిట్లు తినేవాడు, గదికొచ్చి నవ్వేవాడు.

"పట్టుకుంటడని నమ్మినోన్నే తిడ్తడే అన్నా. పట్టనోన్ని తిట్టి ఏం ఫాయిదా?"

1983 వచ్చేసరికి క్యాచ్‌లు జారడం ఎక్కువైంది. రాత్రి మంచం మీద కూర్చుని అరచేతులు రుద్దుకునేవాడు.

"చేతులు మెత్తవడ్డయే. స్టోరుల కూసుంటే గిట్లనే అయితయి."

"చేతులు కాదురా బాబూ, కళ్ళు. నలభై దాటాయి. డాక్టరుకి చూపించుకో," అన్నాను.

వింటేగా! చేతుల మీద ఉన్న నమ్మకం అతనికి ఇంక దేని మీదా లేదు. డ్యూటీ అయ్యాక ఊరికే సైటుకెళ్ళి, కుర్రాళ్ళని బతిమాలి, లారీ పక్కన నిలబడి ఇటుకలు పట్టడం మొదలుపెట్టాడు. స్టోరు బాబుకి పిచ్చెక్కిందని వాళ్ళు నవ్వుకున్నారు. నాకు ఒళ్ళు మండేది. ఒక సాయంత్రం వెలుగు తగ్గిన వేళ ఒక ఇటుక వచ్చింది. అతను చూసేసరికే ఆలస్యమైంది. కుడిచేతి వేళ్ళు రెండు నలిగిపోయాయి. ఎముక అతుక్కుంది గానీ వేళ్ళు వంకరగానే ఉండిపోయాయి.

ముదీర్ మంచివాడు, స్టోరు పని తియ్యలేదు. టీములోకి మాత్రం వేరేవాణ్ణి తీసుకున్నాడు. లింబాద్రి అయినా ప్రతి శుక్రవారం వచ్చేవాడు. మ్యాటు మోసేవాడు, పరిచేవాడు, చుట్టేవాడు. ఆ వేళ్ళతో తాడు ముడివేస్తుంటే చూడలేక నేను టైర్ల గాలి చూసే వంకన అటు తిరిగేవాణ్ణి.

రెండేళ్ళ తర్వాత ఒక శుక్రవారం ఇద్దరు జ్వరంతో పడ్డారు. మనిషి తక్కువయ్యాడు.

"లింబా, నువ్వు రా," అన్నాడు ముదీర్.

పరుగెత్తాడు. నిజంగానే పరుగెత్తాడు, తన పాత చోటికి. హిదాయతుల్లా బంతి వేశాడు. బ్యాట్ అంచుకి తగిలి నెమ్మదిగా లేచి అతని చేతుల్లోకే వచ్చింది. అంత తేలికైన క్యాచ్ నేనైనా పట్టేవాణ్ణి. వంకర వేళ్ళకి తగిలి కింద పడిపోయింది.

తిట్లు మొదలవుతాయని అందరం హిదాయతుల్లా వైపు చూశాం. అతను నడుచుకుంటూ వచ్చి, బంతి తీసుకుని, లింబాద్రి భుజం తట్టాడు.

"కోయీ బాత్ నహీ, భాయ్," అన్నాడు మెల్లగా, ఫరవాలేదులే అన్నట్టు.

తిరుగుదారిలో లింబాద్రి టీముతో వెనక ఎక్కలేదు. నా పక్కన కూర్చున్నాడు.

"ఒక్క క్యాచే కదా, పోనీలేరా," అన్నాను.

"క్యాచ్ గాదే అన్నా," అన్నాడు. "హిదాయతుల్లా సాబ్ నన్ను తిట్టలే."

మరుసటి శుక్రవారం ఎంత పిలిచినా అతను గోడవైపు తిరిగి పడుకునే ఉన్నాడు. మ్యాటు నేనే మోసుకెళ్ళి పికప్‌లో వేశాను.